మిగిలిన ఆయుష్షు

ఇది డబ్బులు లెక్కపెట్టే ఏటీఎం కాదు.
మాటల్ని యాభైమూడేసి బైట్ల ముక్కలుగా తరిగి
ముక్కముక్కకీ చిరునామా అంటించి
సముద్రపు పాయల మీదుగా సాగనంపే బీరువా.
ప్వెర్తో మోంత్ టెలిఫోన్ ఆఫీసు, మూడో అంతస్తు.
ఫ్యాన్ల హోరు బయటి వానకంటే ఒక పిసరు ఎక్కువ.

జూలై. అక్కడ నడిచలికాలం.
రాత్రి రెండూ నలభైకి ఒక ఎర్రదీపం వెలిగింది.
ఎర్మిందా బర్రియా మాతే గిన్నె పక్కన పెట్టి
ఒంటి చేత్తో టైపు చేసింది,
రెండో చేతికి ఇంకా ఉన్ని తొడుగు:
నీకు తెలిసిన లోకం చూపించు.

స్విచ్ చూపించింది.
పదకొండు వరసలు.
ఎవరి పేరు, ఏం చెప్పారు, ఎన్నోసారి చెప్పారు,
ఆ మాటకి ఇంకా ఎన్ని సెకన్ల ఆయుష్షు.

ఇరుగుపొరుగు సంగతి దానికి స్వయంగా తెలుసు,
పదిహేను సెకన్లకోసారి
ఉన్నావా, ఉన్నా, అనుకుంటారు గనక.
దూరపువాళ్ళ సంగతంతా విన్నదే,
ఆ నోటా ఈ నోటా, కానీ అక్షరం పొల్లుపోకుండా.
ఇక శాంతియాగో మహానగరం,
మెట్రో, పొగ, కోర్టులు, లక్షల జనం,
అంతా కలిపి ఇక్కడికి ఒక్క చుక్క.
ఎర్మిందాకి ఆ చుక్కంటే ఇష్టం.
మొదటి మొగుడు అందులోనే ఎక్కడో ఉన్నాడు.

ప్రతి దారికీ ఒక బరువు.
ఎవరూ వేరే చెప్పకపోతే ఐదువేల నలభై.
ఎందుకంత, అని కొత్తలో అడిగింది.
"ఏ అంకెతో కోసినా చక్కగా తెగుతుంది," అన్నాడు ఓనోఫ్రె,
"పంచుకోడానికి మంచిది, రొట్టెలాగ."

ఓనోఫ్రె మన్సీల్యా ఉండేది కెల్యోన్‌లో,
దీవి కొసన, రోడ్డు అయిపోయేచోట.
ఆరేళ్ళుగా సోమవారం సోమవారం అతని గొంతు.
మొహం తెలీదు.
దగ్గు తెలుసు. వెనకాల మొరిగే కుక్క పేరు తెలుసు.
ఎర్రదీపం అతనిది.

కాస్త్రో స్విచ్ అప్పటికే ఊరంతా చాటింది:
నాకు కెల్యోన్ వినపడ్డం లేదు.
కానీ కెల్యోన్ తన గురించి తాను చెప్పుకున్నది మాత్రం
చెక్కుచెదరకుండా ఉంది జాబితాలో:
నేనున్నాను. నాకు మూడు పోర్టులు.
ఆసుపత్రి, రేవు, ఆల్చిప్పల ఫ్యాక్టరీ నా మీదుగా.
కాస్త్రో వైపు చెయ్యి చాపే ఉంచాను.

ఒక చెయ్యి చాపితే దారి కాదు.
రెండువైపులా ఔనంటేనే
యంత్రం దానిమీద అడుగేస్తుంది.
అంచేత అతన్ని నమ్మదు. చెరపదు కూడా.
రెండువేల నూటపన్నెండు సెకన్లు.
రెండువేల నూటపదకొండు.

ఫోన్ చేద్దామంటే ఆ ఫోనూ ఆ తీగమీదే.
అడ్డు తగిలిన పిలుపులు
కిందటి మలుపుదాకా వెనక్కొచ్చి, వేరే సందు వెతికి,
లేదని తెలిసి, ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి,
చివరికి ఆమె ముందు తేలాయి. నాలుగు.
రేవుకి చేసినవి. ఎవరి పెళ్ళాలో,
ఈ గాలిలో పడవ కట్టారా లేదా అని.

చల్లారిన బంగాళదుంప రొట్టె నమిలింది.
ఏడు వందలు. నలభై. మూడు.
సున్న అయినప్పుడు ఏదీ మోగలేదు.
కింది వరసలు ఒక మెట్టు పైకి జరిగాయి.
పది. మధ్యలో ఖాళీ కూడా లేదు.

బీరువా తలుపు తీసింది.
లోపలివైపు అంటించిన కాగితం, నీలం సిరా పటం,
ఓనోఫ్రె ఎప్పుడో పోస్టులో పంపింది.
కెల్యోన్ దగ్గర సున్నా, సున్నా పక్కన ఒక కుక్క,
గుర్రమనుకున్నా అనుకోవచ్చు.
దాని మీద సెకన్లు లేవు. టేపు మాత్రం ఊడొస్తోంది.
బొటనవేలితో నొక్కింది. మళ్ళీ లేచింది.
మళ్ళీ నొక్కింది.

ఆరున్నరకి, ఇంకా చీకటే, దీపం ఆరింది.
పదకొండో వరస.
పేరు అదే, పోర్టులు అవే.
ఎన్నోసారి చెప్పారు అన్నచోట: ఒకటి.
ఆరేళ్ళ లెక్క కొట్టుకుపోయి, ఇప్పుడే పుట్టినట్టు.

ఫోన్ మోగింది.
"బ్యాటరీల గదిలోకి నీళ్ళు," దగ్గు,
"నేను లేనప్పుడు నా గురించి ఏమనుకున్నారు?"
"ముప్పావుగంట, నువ్వు చెప్పిందే అనుకున్నాం."
"తర్వాత?"

ఎర్మిందా గిన్నెలో వేణ్ణీళ్ళు పోసుకుంది.
"కుక్క తడిసిందా?" అని అడిగింది.