డెబ్బై ఒకటి

సైనిక్‌పురిలో ఒకాయన అమ్మాడు నాకు.
యాభై నాలుగు సైజు. నల్ల ఫ్రేము, సన్నటి టైర్లు.
"కొంచెం పెద్దదవుతుందేమో, సీటు దించుకుంటే సరి" అన్నాడు.
ఆ మాట నాకు కొత్త కాదు.

పెరిగే పిల్ల కదా అని
జూన్‌లో కుట్టించిన గౌన్లన్నీ నాకంటే రెండేళ్లు పెద్దవి.
బూట్ల ముందు దూది కుక్కుకుని బడికెళ్లాను.
తర్వాత విప్పుకోవచ్చని అంచులో మడిచి కుట్టిన గుడ్డ
గౌను చిరిగేదాకా మడతలోనే ఉండిపోయింది.
ఇప్పుడు ముప్పై తొమ్మిది.
సీటు దించుకున్నాను.

ఆరు నెలలు.
తెల్లారుజామున నారాయణగూడ నుంచి గండిపేట.
మెహదీపట్నం దాటేసరికి మెడ పట్టేసేది,
లంగర్‌హౌస్ దగ్గర చిటికెన వేళ్లు మొద్దుబారేవి.
సిగ్నల్ పడితే బండిని పక్కకి వాల్చి
ఒక్క బొటనవేలి మీద నిలబడేదాన్ని,
వెనక పాలవ్యాను హారన్.
హ్యాండిల్ అంత దూరాన ఉందంటే
అందుకోవడం నా పని అనుకున్నాను.
నొప్పిని వ్యాయామం అనుకున్నాను.

పగలు కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో
పిల్లలకి వెర్నియర్ కాలిపర్స్ పంచుతాను.
ఇనపగుండు వ్యాసం, మిల్లీమీటరులో పదోవంతు తేడా రాకుండా.
"ముందు జీరో ఎర్రర్ చూసుకోండి"
రోజుకి నలభైసార్లు అంటాను.
నా కాలు ఎంత పొడుగో నాకు తెలీదు.

మొఘల్‌పురాలో ఖుద్దూస్ భాయ్ కొట్టు
రెండు నులకమంచాలు పట్టేంత.
నేను గల్లీలో ఒక చుట్టు తిరిగొస్తే
చేతులు తుడుచుకుంటూ అడిగాడు:
"దీనిమీద కూసుంటున్నవా అమ్మా, ఏలాడుతున్నవా?"
"నుజ్‌హత్!" అని లోపలికి కేకేసి
తను వీధివైపు తిరిగి నిలబడ్డాడు.

బీకాం చదివే పిల్ల. చేతిలో కొట్టు అప్పుల ఖాతా.
చెప్పులు విప్పించింది, వీపు గోడకి ఆనించమంది,
పుస్తకం వెన్ను పైకి పెట్టి, కాళ్ల మధ్య, ఇంకా పైకి.
"సీటు ఇట్లనే తగలాలి ఆంటీ, సిగ్గుపడితే లెక్క తప్పుతది."
ఎవరెవరో ఖుద్దూస్ భాయ్‌కి బాకీపడ్డ బరువంతా
నా తొడల మధ్య బిగబట్టి నిలబడ్డాను.
పెన్సిలు గీత. టేపు.
డెబ్బై ఒకటి.

ఆయన సుద్దముక్కతో తలుపు పక్క గోడమీద హెచ్చవేశాడు,
ఫ్రేముకొక గుణింతం, సీటుకొక గుణింతం.
నలభై ఎనిమిది. అరవై రెండూ ముప్పావు.
కప్పు కొక్కేనికున్న పాత నీలం బండి దించి
నన్ను ఎక్కించి, గోడ పట్టుకోమన్నాడు.
నుజ్‌హత్ నా మోకాలిచిప్ప కింద దారం పట్టింది,
కొసన తుప్పు నట్టు.
అది ఊగి, ఊగి,
పెడల్ ఇరుసు మీదికొచ్చి ఆగింది.
ఎన్ని వందల లోలకాలు కట్టుంటాను ల్యాబులో,
ఒక్కటీ నా మోకాలి నుంచి వేలాడలేదు.

"నల్లదానికే పొట్టి స్టెమ్ వేస్తే కాదా?" అన్నాను,
డబ్బు పెట్టిన దాన్ని కదా.
"స్టెమ్ మారుస్త. సీటు జరుపుత. ఇనుమునైతే కుదించలేను."
కాసేపు ఊరుకుని,
"నువ్వు పొట్టి గాదమ్మా. బండి పొడుగు."

నల్లబండి మలక్‌పేట కుర్రాడొకడు కొన్నాడు, తాటిచెట్టంత వాడు.
అయినా ముందు నిలబెట్టి, కాళ్ల మధ్య జాగా చూసి,
అప్పుడిచ్చాను.

నీలంబండి మీద మొదటి ఆదివారం
కోకాపేట ఎత్తు ఎక్కాక గుర్తొచ్చింది,
మెడ సంగతి మర్చిపోయానని.
మోచేతులు వంగే ఉన్నాయి, ఎవరూ చెప్పకుండానే.
చెరువు మీద కొంగ ఒకటి
తన పొడుగు కాళ్ల మీద తను నిలబడుంది.

మొన్న పంక్చరేయించడానికి వెళ్లాను.
గోడమీద ఎనభై ఆరుకీ డెబ్బై తొమ్మిదికీ మధ్య
నా అంకె ఇంకా ఉంది, పేరు లేకుండా.
రంజాన్‌కి వెల్ల వేయిస్తాడట.
వేయించనీ.
నాకది నోటికొచ్చు.