పంతొమ్మిదో రోజు

లోయీసా తీరాన జూలై ఎండకి
రేకు కప్పు చిటపటమంటోంది.
మిగ్దాలియా కొబ్బరి కోరు పిండుతోంది
గుడ్డ మెలితిప్పి, ముంజేతి నరాలు తేలేలా.
తొలిపాలు చిక్కన. మలిపాలు పక్కన పెట్టింది.

అనాస కళ్లు ఒక్కొక్కటే గిల్లి
ఐసుతో పాటు మిక్సీలో వేసింది.
ఆ రొదలో ఎవరూ ఏమీ అడగక్కర్లేదు.

బల్ల చివర ఎఫ్రాయిన్.
పడవ దిగి తిన్నగా వచ్చాడు.
అలవాటుగా పై అర వైపు చూశాడు.
సీసా లేదు.
సీసా అడుగు వదిలిన గుండ్రటి మరక ఉంది.

"పంతొమ్మిదో రోజు" అన్నాడు,
ఖాళీ గ్లాసుతో అన్నట్టు.
ఆమె పోసి, పైన జాజికాయ గీకింది.

"చప్పగా ఉంటుందేమో?"
"తాగి చెప్పు."

తాగాడు.
మీసం మీద తెల్లటి నురగ.
చాలాసేపు తుడుచుకోలేదు.