మొదటి రోజు లెక్కలోకి రాదు

చిత్తూరు కోర్టులో
రికార్డు గది పక్కన రేకుల వసారాలో నా బల్ల.
ఎడమ పక్క ఇంగ్లీషు కాయితం, కుడి పక్క తెలుగు కాయితం,
మధ్యలో టీ గ్లాసు వేసిన గుండ్రటి మచ్చ.
రెండు భాషల్లోనూ ఒకేలా ఉండేది అదొక్కటే.

ఈ వారం సంహిత మొదటి అధ్యాయం తెలుగులోకి తెస్తున్నా.
ఇందులో నేరాలింకా మొదలు కాలేదు.
దొంగ లేడు, కత్తి లేదు, సాక్షి లేడు.
పెళ్ళికి ముందు పందిరి గుంజలు పాతినట్టు
ముందు మాటలు పాతుతారు:
ఈ మాటకు ఇదీ అర్థం, ఆ మాటలో ఇదీ చేరుతుంది,
"సందర్భం మరోలా కోరితే తప్ప."

ఆ తోక దగ్గరే నా పెన్ను ఆగుతుంది.
ఎవరీ సందర్భం?
ఏ వాయిదాకి పిలిస్తే పలుకుతుంది?

'అతడు' అంటే ఆమె కూడా, అని ఉంది.
సరే. పంతొమ్మిదేళ్ళ సర్వీసు
అతడిలోనే తలదాచుకున్నా.
తెలుగు క్రియే ఒప్పుకోదు.
వాడిని వచ్చాడు అంటుంది.
నన్నూ, ఆవునూ, వాననూ, పోయిన కరెంటునూ కలిపి
వచ్చింది అంటుంది.
చట్టం నన్ను అతడిలో కలిపింది,
వ్యాకరణం వానలో కలిపింది.
ఒకటి ఎంచుకోమంటే
నేను వానతోనే పోతా.

ఏకవచనంలో బహువచనమూ చేరుతుందట.
నీళ్ళకూ పాలకూ వడ్లకూ
ఏకవచనమే ఎరగని వాళ్ళకు
ఆ సంగతి వేరే చెప్పాలా?

మధ్యాహ్నం దేశమ్మ వచ్చింది, గుడిపాల పక్కనుంచి.
చంకలో ప్లాస్టిక్ కవరు,
కవర్లో మడతల దగ్గర చిరిగిన కాయితాలు.
జూన్‌లో, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరసలో
తోతాపురి లోడుకి రెండు రాత్రులు కాపలా పడుకుని
మూడో తెల్లవారుజామున
వెనక్కొచ్చిన లారీ కింద పోయాడు ఆమె మొగుడు మునిరత్నం.

గడువు నిన్నటితో సరి అన్నాడట కింద గుమాస్తా.
"నాకేం తెలుసు మ్మా, నేను అమాసలు లెక్కబెట్టుకొంటా వుండా.
ఏడోది నడస్తా వుంది."

"ఎవరి మీద వేస్తున్నావు?"
"ఫ్యాక్టరీ మీద. ఫ్యాక్టరీ మనిషి గాదు గదా అంటా వుండారు ఊళ్ళో."
చట్టంలో కంపెనీ కూడా వ్యక్తేనని చెప్పా.
కాసేపు ఆలోచించింది.
"దానికి అమ్మా నాయినా వుండారా?"
"లేరు."
"పాపం," అంది దేశమ్మ, "అదీ దిక్కులేందే."

కాయితాలు తిరగేశా. పద్నాలుగు జూన్.
ఈరోజు పద్నాలుగు డిసెంబరు.
పొద్దున నేను తెలుగు చేసిన వాక్యం
తడి ఇంకా ఆరలేదు, బల్ల మీదే ఉంది.
మొదటి రోజును లెక్కలోంచి తీసెయ్యాలి.
ఎగిరి గంతెయ్యాలనిపించింది.
"నీకింకా ఈరోజు ఉంది దేశమ్మా!
ఆయన పోయిన రోజును లెక్కలోంచి తీసేస్తారు!"

ఆమె నవ్వలేదు.
"ఆ దినం ఎట్ల తీసేసేది మ్మా?
నాకు వుండేదే ఆ దినం.
తర్వాత్తర్వాత దినాలు కావాలంటే తీసుకోండి,
అన్నీ తీసుకోండి."

నేనేం చెప్పలేదు.
చెయ్యి పట్టుకుని కౌంటరు దాకా తీసుకుపోయా.
గుమాస్తా వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచి
చివరికి సీలు గుద్దాడు.
నీలం బొటనవేలిని కొంగుకు తుడుచుకుని
నాలుగున్నర బస్సుకి పోయిందామె.
పోయింది. అదే క్రియ,
వానకూ, కరెంటుకూ.

సాయంత్రం సాపు ప్రతిలో రాశా:
"మొదటి దినమును మినహాయించి లెక్కించవలెను."
మూలంలో ఆ వాక్యానికి తోక లేదు.
నేనే పెన్సిల్‌తో తగిలించా,
సందర్భం మరోలా కోరితే తప్ప, అని.
తర్వాత చెరిపేశా, ఉద్యోగం కదా.

అక్కడ కాయితం కొంచెం గరుకైంది.
కంటికి కనబడదు.
వేలితో తడిమితే తెలుస్తుంది.