మైనస్ పద్దెనిమిది

పదకొండేళ్లు ఒకటే అంకె రాశాను.
ఫిషింగ్ హార్బర్ వెనక సందులో
కోల్డ్ స్టోరేజీ తలుపుకి పురికొసతో కట్టిన రిజిస్టర్లో
గంటకో గడి,
గడికో మైనస్ పద్దెనిమిది.

నిజం చెప్పొద్దూ,
షిఫ్టు దిగేముందు ఒక్కసారే కూర్చుని
ఎనిమిది గళ్లూ నింపేసేవాణ్ణి.
సిరా గడ్డకడితే పెన్ను చంకలో పెట్టుకుని
వెచ్చబడ్డాక మళ్లీ రాసేవాణ్ణి.
తుఫాను రాత్రి, డాల్ఫిన్ నోస్ మీద దీపం తప్ప
ఊరంతా ఆరిపోయి
జనరేటర్లో ఉప్పునీళ్లు దూరి
మేం ముగ్గురం రొయ్యల పెట్టెల మీద
తడి గోనెలు కప్పుకుంటూ పోయిన ఆ రాత్రి కూడా
రిజిస్టర్లో చలి చెక్కు చెదరలేదు.

ఆడిటర్ పేజీలు తిప్పేవాడు.
"భలే దస్తూరీ అండీ మీది" అనేవాడు.

కిందటేడు మా వరహాల్రాజు గారు
బీచ్‌రోడ్డు హోటల్లో ఏదో సదస్సుకి వెళ్లొచ్చారు.
"ఇకమీదట మనం అమ్మేది రొయ్య కాదయ్యా, డేటా."
రొయ్యలు మాత్రం మామూలుగానే వచ్చాయి, మంచు కారుతూ.
గోడలకి సెన్సర్లు పట్టుకున్నాయి బల్లిపిల్లల్లా.
ఆఫీసు గదిలో మంచమంత తెర.
తెర మీద ఎర్రగీత.

మొదటి రాత్రే గీత లేచింది.
మైనస్ పద్దెనిమిది నుంచి మైనస్ తొమ్మిదికి
లేచి, కాసేపు నిలబడి, పడుకుంది.
నా పదకొండేళ్ల దస్తూరీ
ఆ ఒక్క రాత్రికి అబద్ధమైపోయింది.

ఎవరూ నన్నేమీ అనలేదు.
గీత చదవడం ఎవరికీ రాదు మరి.
పెట్టినవాళ్లు బిల్లు తీసుకుని వెళ్లిపోయారు.
డేటా అనలిస్టు కావలెనని
ప్రకటన ఏడు నెలలు వేలాడింది.
మధురవాడ కుర్రాడొకడు వచ్చి, జీతం విని,
మర్యాదగా మంచినీళ్లు తాగి లేచాడు.
ఇంకొకడు చేరాడు, పదహారు రోజులు.
రుషికొండ మీద ఎవరో పిలిచారట,
పాస్‌వర్డ్ తనతోనే పట్టుకుపోయాడు.
ఆ నెలంతా తెర
గుమ్మంలో నిలబెట్టిన చుట్టంలా
ఎవరు మీరు, ఎవరు మీరు అని
మమ్మల్నే అడుగుతూ కూర్చుంది.

సూరాడ పోలమ్మది గ్రేడింగు బల్ల.
రొయ్య అరచేతిలో పడితే చాలు
కిలోకి ఎన్ని తూగుతాయో చెప్పేస్తుంది.
జీతం చీటీ కోసం వచ్చి తెర ముందు ఆగింది.

"ఈ గూని ఏటి బాబూ?"
"ఏ గూని?"
"ఇదిగో. రోజూ ఇక్కడే లేస్తంది. శుక్కురోరం మాత్రం నేదు."

శుక్రవారం లారీ రాలేదు.
ఆ మాటా ఆమే అంది.
"రెండుగంటల లారీ డ్రైవరు తలుపు బార్లా తీసి
బీడీ ముట్టిస్తాడు గదా.
అది కాలినంతసేపూ ఈ గూని."

ఒక బీడీ ఎంతసేపు కాలుతుందో
ఏ సాఫ్ట్‌వేరూ మమ్మల్ని అడగలేదు.

"ఈవిణ్ణే కూర్చోబెట్టు" అన్నారు రాజుగారు.
"చదువు రాదండీ."
"నీకొచ్చుగా. ఏం చేశావు?"
తెలిసి అన్నారో, ఊరికే అన్నారో,
ఆ చలిలో నా చెవులు కాలాయి.

పోలమ్మ తొందరపడలేదు.
"కుర్సీ ఇత్తారు, సరే.
బల్లకాడ కిలోకింత అని వస్తంది.
గీతకి ఎంత?
సూసినందుకెంత, సెప్పినందుకెంత?"
రాజుగారు సదస్సులో ఇది నేర్చుకోలేదు.
బేరం మూడు రోజులు నడిచింది.

ఫారం నింపే పని నాది.
పేరు, రాశాను.
ఊరు, జాలారిపేట.
అనుభవం, ఇరవై రెండేళ్లు.
విద్యార్హత.

ఖాళీ గడి చూస్తే నా చెయ్యి ఊరుకోదు.
పాత జబ్బు.
ఎనిమిదో తరగతి అని రాస్తే ఎవడడుగుతాడు,
దస్తూరీ ఎలాగూ బాగుంటుంది.

బయట లారీ హారను.
తెర మీద గీత మెల్లగా వీపెత్తుతోంది.
"ముట్టించాడు" అంది పోలమ్మ,
అటు చూడకుండానే.

ఆ గడి
అలాగే వదిలేశాను.