ఇరవై అయిదో పళ్ళెం

సోమవారం మ్యూజియానికి సెలవు.
పళ్ళేలకు స్నానం.

గిరింపేట నుంచి నడిచొచ్చి
బీరువా తాళం తీస్తే ముందు వాసన పలకరిస్తుంది,
కలరా ఉండలు, పాత టేకు,
తలుపులేసిన చిత్తూరు ఎండ.
అద్దం మీద ఆదివారం పిల్లల వేలిముద్రలు,
అక్కడక్కడా ముక్కుల ముద్రలు కూడా.

ఇరవై నాలుగు పళ్ళేలు. సీమ పింగాణీ.
అన్నిటి మీదా ఒకటే నీలం బొమ్మ:
వంగిన చెట్టు, వంతెన, పైన రెండు పిట్టలు.
వంతెన మీద ముగ్గురు మనుషులు
నూరేళ్ళుగా ఎక్కడికో పోతానే ఉండారు.
అడుగున ఊదా ముద్ర, ఓడ ఎక్కిన ఊరి పేరు.
మా సారు చదువుతాడు, నాకు నోరు తిరగదు.

గోటితో తడితే ఖంగుమంటాయి
పెండ్లికొచ్చిన చుట్టాల మాదిరి
ఒకదాని తర్వాత ఒకటి.

ఇరవై అయిదోది ఖంగుమనదు.
టక్కుమని ఊరుకుంటుంది.
ఉత్త తెల్లది, మందం, అంచున రెండు పెచ్చులు లేవు,
నడుమ నుంచి ఒక సన్న బీట,
టీరంగు దారం కుట్టినట్టు.

మామిడితోటల బంగ్లాను కొట్టేసి
కల్యాణమండపం లేపేటప్పుడు
నీలంవి నాలుగు పెట్టెల్లో వచ్చినాయి
వరిగడ్డి కప్పుకొని, ఒక్కటీ చిట్లకుండా.
ఇది సిమెంటు సంచిలో వచ్చింది,
చూరుపెంకుల్లో దొరికిందంట.

సారు లెక్కబెట్టి, కండ్లద్దాలు పైకి నెట్టి,
"ఇది సెట్టులోది కాదు కదా" అన్నాడు.

కాదు సార్.
ఇది చూరులోది.

మా అబ్బ ముప్పై రెండు కాపులు
ఆ తోటకు నీళ్ళు కట్టినాడు.
పొద్దు నెత్తికెక్కినాక పెరటి తట్టు వచ్చి
చెయ్యెత్తి చూరులోంచి తనే దించుకొని
తనే కడుక్కొని, నేల మీద పెట్టి
నాలుగు అడుగులు వెనక్కి జరిగి నిలబడేవాడు.
సంగటి పైనుంచి పడేది.
గరిటె పళ్ళేన్ని తాకకూడదు,
పళ్ళెం గరిటెను తాకకూడదు.
ఉడుకు ముద్ద, నిలువెత్తునుంచి.
ఆ బీట ఎట్లా వచ్చిందో
ఏ పుస్తకంలో వెతుకుతారు సార్?

"ఊరిబిండి మాత్రం బాగుండేది" అనేవాడు అబ్బ.
అంతకు మించి చెప్పేవాడు కాదు.
మా ఇంట్లో సత్తుపళ్ళెంలో తినేటప్పుడు కూడా
ముద్ద పడేదాకా
కొంచెం వెనక్కి జరిగేవాడు.

ఇప్పుడు దానికి అద్దాల బీరువా,
ఒక లైటు, ఎర్రక్షరాల బోర్డు:
"వస్తువులను తాకరాదు."
మొదటి రోజు ఆ బోర్డు తగిలిస్తా
నవ్వినానో దగ్గినానో నాకే తెలీదు.
బీరువాలో అందరికీ ఒకటే మడి.

తాకేది నేనొక్కదాన్నే.
మెత్తటి గుడ్డతో, సోమవారం సోమవారం,
నీలంవాటికి ఒక తుడుపు,
దీనికి రెండు.
ఒకసారి నా క్యారియరు విప్పి
దీంట్లో పెట్టుకొని తిందామా అనుకున్నా.
చెయ్యి రాలేదు.
అది రూలుకు భయపడి కాదు.

రిజిస్టరులో ఒక గడి ఉంది: "వాడినవారు."
ఇరవై నాలుగిటికీ బంగ్లావాళ్ళ పేరు,
కింద కింద చుక్కలు.
ఇరవై అయిదో వరస ఖాళీ.
సారు టీకి పోయినప్పుడు పెన్సిలుతో రాసినా:
"గెంగులప్ప. పెరటి చూరు కింద. ముప్పై రెండు కాపులు."

మరుసటి సోమవారం చూస్తే
ఎవరూ చెరపలేదు.
సారే అనుకుంటా, నా తప్పు దిద్దినాడు,
ఎర్ర పెన్నుతో, చక్కటి దస్తూరీ:
"గంగులప్ప."

మంచోడే సారు.
కానీ బంగ్లాలో ఆయన్ను "ఒరే" అన్నారు,
ఓటరు కార్డులో గంగులప్ప అన్నారు,
పేరు పెట్టి నోరారా పిలిచింది మా అవ్వ ఒక్కతే.
ఆమె పిలిచింది గెంగులప్పనే.

బ్లేడుతో ఎర్రసిరా మెల్లగా గీకి
ఎత్వం మళ్ళీ పెట్టినా.