చువ్వ మీద అంబాసిడర్

గడియారం సెంటర్‌ల అద్దాల పెట్టె ముందు
తిరుగుతున్న కోళ్ళను చూసుకుంట నిలబడ్డడు ముత్తిలింగం.
నేను నిమ్మకాయ పిండుకొని తింటున్న.
ఆయన ప్లేటు ముట్టలే.
"కారును గిట్ల గుచ్చొస్తదా?" అన్నడు.

ఉస్తాద్ మాట నవ్వులాటకు రాదు.
మర్రిగూడ దిక్కు బోరునీళ్ళు తాగి పెరిగిన మనిషి.
మెడ తిరగదు, నడుము వంగదు,
పక్కకు చూడాలంటె పాదాలతోటి సహా తిరుగుతడు.
ముప్పై ఏండ్లు బండ్ల కింద ఎల్లెలుకల పండి
తుప్పు గోకిన చేతులు
ఇప్పుడు భుజం దాటి లేవవు.
షెడ్డుల నాలుగు నెలల సంది
ఖదీర్ కంపౌండర్ అంబాసిడర్,
ఇంజను దించి, తలుపులు ఊడదీసి,
అడుగు చూసేటోడు లేక
సిమెంటు ఇటుకల మీద కూసున్నది.

దేవరకొండ రోడ్డు తుక్కు కొట్టుల
కిలో ముప్పై ఎనిమిది లెక్కన చానలు ఇనుము.
ఎండిన బోర్లకెల్లి పీకిన కేసింగు పైపు, రెండు నిలువులు.
దాన్ని భుజానికి ఆనించి చానసేపు నిలబడ్డడు.
ఏమనలేదు.
నేనూ ఏమనలేదు.
ట్రాక్టరు ట్రాలీ హబ్బులు గ్రీజు ఎండి రాళ్ళయినయి,
కిరసనాయిలల రాత్రంత నానబెడితె
పొద్దుగాల్ల గుండ్లు గలగలమన్నయి.

కాగితం లేదు, కొలత లేదు.
సుద్దముక్కను కట్టె చివర కట్టి
నిలబడే నేల మీద గీసిండు.
పక్కింటి పుంజు తొక్కి పోయింది.
మళ్ళ గీసిండు.
బంపర్లు బిగించే చోట పట్టీలు పెట్టి
నేను వెల్డింగు కొడుతుంటె
ఆ వెలుగుల ఆయన నీడొక్కటే
గోడ మీద వంగుతున్నది, లేస్తున్నది.

మొదటిసారి లేపినం.
ఇరుసు రెండించులు కిందికి పడ్డది.
సగం తిరిగిందో లేదో
బరువంత మీదికొచ్చి గిర్రున తిరగబడి
ఊగింది, ఊగింది,
పానాల డబ్బా ఎగిరి రేకులకు తాకింది,
యూసుఫ్ గాడు ప్రహరీ ఎక్కి కూసున్నడు.
"బొడ్డు జరిగింది దీనికి," అన్నడు ఉస్తాద్.
"దొరకబట్టాలె."

పలకకు ఇంచుకొకటి, పదకొండు బొక్కలు.
బోల్టు పెట్టుడు, తిప్పుడు, విడిచి చూసుడు.
నాలుగోదాన్ల పెడితె పొర్లుతది,
ఎనిమిదోదాన్ల పెడితె మొండికేస్తది.
ఆరు కాదు. ఏడు కాదు.
ఆ రెండింటి నడుమ ఇంకొకటి పొడిచేసరికి
మగ్రిబ్ అజా అయ్యింది,
కరెంటు పోయింది.

చీకట్ల చెయ్యేసిండు.
రెండు వేళ్ళు చాలినయి.
నాలుగు క్వింటాళ్ళ ఇనుము
నిద్రల పక్కకు ఒత్తిగిల్లినట్టు తిరిగి
విడిచిన కాడ్నే ఆగింది.

లోపల్నించి రాలుతున్న సప్పుడు.
సెల్లు లైటేస్తె:
పల్లికాయ పొట్టు, ఇరవై పైసల బిళ్ళ,
సూదిమందు సీసా రబ్బరు మూత,
ఎర్రమట్టి, దాని మీద నల్లరేగడి, మళ్ళ ఎర్రమట్టి.
కంపౌండర్ ఏ ఊరికి ఎప్పుడు పోయిండో
చీపురుతోటి ఊకుకుంట చదవొచ్చు.
ఒక తేలు కూడ. సచ్చి ఎన్నాళ్ళయిందో
తోక మాత్రం దించలే.

కరెంటొచ్చింది.
ఇన్నేండ్లు ఆయన మొఖం మీద
ఆయిలు కార్చిన కడుపు
ఎదురుగ, ఛాతి ఎత్తుల నిలబడ్డది.
సుత్తె కాడతోటి తట్టి, ఇన్నడు.
"గిది మంచిగున్నది.
గిది పోయింది, కొయ్యి.
గిది..." మళ్ళ తట్టిండు. "బతుకుతది."
బతికేదానికి సున్నా, పోయినదానికి గీత.
గీతలే ఎక్కువ.

ఆ దిక్కు కూడ చూడాలని
అలవాటు కొద్ది
పాదాలు తిప్పబోయి ఆగిండు.
కారునే తిప్పిండు.