రెండు నిమిషాల ఇల్లు

పెట్టె మీద రాసింది నిజమే.
గాల్లోకి విసిరితే చాలు,
గొడుగులా విచ్చుకుంది గుడారం.
"చూశావా!" అన్నాడు కేదార్, తనే కనిపెట్టినట్టు.

నాకు మాత్రం సుబరూ వెనక సీటే.
బెల్టు బకిల్ నడుములో గుచ్చుకున్నా సరే,
తలుపుకి తాళం ఉంటుంది.

హాల్స్ గ్యాప్‌లో అర్ధరాత్రి
కొండ దిగి వచ్చింది గాలి.
నా ఊపిరే అద్దాల మీద ఆవిరై
అతని గుడారాన్ని చెరిపేసింది.
అరచేత్తో తుడిచాను:
పసుప్పచ్చ వెలుగు, లోపల అతని నీడ,
పక్కనే తాపీగా గడ్డి మేస్తూ కంగారూ.

తెల్లారింది.
విప్పడానికి రెండు నిమిషాలు;
మడవడానికి ఇద్దరం, గంటన్నర,
ఒక పోట్లాట.

చివరికి సగం ముడుచుకున్న ఆ ఇల్లు
నేను పడుకున్న చోటే పడుకుని
మాతో వచ్చేసింది,
సీటు బెల్టు పెట్టుకుని.